పిప్పరమెంటు బిళ్ళ కరిగేదాకా

నిన్న విజయనగరం రైల్లో పక్కసీటు అమ్మాయి పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకుంది. ఆ వాసన తగిలిందో లేదో, నా నోరు టక్కున మూతపడింది. అప్పటిదాకా ఫోన్లో ఎవర్నో దులిపేస్తున్నాను లెండి. ఇదంతా సత్యవతి టీచరుగారి చలవ.

ఆవిడ బొబ్బిలిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మేం దూరవిద్య వెబ్‌సైటు తయారుచేస్తుంటే, జనం దాన్ని వాడగలరో లేదో చూడటానికి తన పాత విద్యార్థుల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టేవారు. నాదేమో ఆగని నోరు. ఎవరైనా తడబడితే చాలు, "అక్కడ నొక్కండి" అనేసేవాణ్ణి. మొదటిరోజే నా చేతిలో ఓ బిళ్ళ పెట్టారు. "ఒరే, ఇది కరిగేదాకా నోరెత్తకు. రేపు ఆళ్ళ ఇళ్ళకెళ్ళి నువ్వు సెప్తావేటి?"

ఓసారి ఆవిడ దగ్గర చదివిన పైడమ్మ వచ్చింది. చిన్నప్పుడే చదువు ఆగిపోయి, కుట్టుమిషను మీద బతుకుతున్న మనిషి. మరో వారంలో మా సైట్లో జరిగే ప్రవేశపరీక్ష గట్టెక్కితేనే ఆమెకు పదో తరగతిలో సీటు. ముందుగా నమూనా పరీక్ష పెట్టాం. చకచకా అన్నిటికీ జవాబులు రాసేసి చేతులు కట్టుకుని కూర్చుంది. 'సమర్పించు' అన్న బటన్ కళ్ళెదుటే ఉంది. నొక్కదే! ఇంత బుర్ర తక్కువ మనిషేమిటని లోపల ఉడికిపోయాను. బిళ్ళ కొరికేశాను గానీ నోరు విప్పలేదు. గడువు తీరింది. రాసిందంతా తుడిచిపెట్టుకుపోయింది.

"ఓలమ్మో! నా రాతలేవండీ?" పైడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"అది నొక్కలేదేటే?" అన్నారు టీచరుగారు.

"కాగితం తీసుకోడానికి ఎవులూ రాలేదు కదండీ. మీరొచ్చి తీసుకునేదాకా కదలొద్దని బడిలో మీరే కదా సెప్పినారు!"

టీచరుగారు నుదురు కొట్టుకున్నారు. "నిజమేరా. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలందర్నీ అలాగే కూసోబెట్టాను."

నాకు సిగ్గేసింది. నేను ఒక్కమాట అందించి ఉంటే, ఈ లోపం మాకు తెలిసేదే కాదు; చెప్పేవాళ్ళెవరూ లేని అసలు పరీక్షరోజున ఆ దెబ్బ పైడమ్మ మీదే పడేది. కూర్చుని మొత్తం మార్చాను. గడువు తీరగానే జవాబుల్ని సైటే తీసుకునేలా చేశాను.

పరీక్షరోజు ఆఫీసులో నాకు కాలు నిలవలేదు. మధ్యాహ్నం పైడమ్మ ఫోను. "బాబూ, ఇయాలా సేతులు కట్టుకునే కూసున్నాను. గంటవగానే అదే తీసుకున్నాది!"

హమ్మయ్య! ఆవేళ ఆఫీసుకొచ్చి నా పక్కనే కూర్చున్న టీచరుగారు కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు మాటాడరా" అన్నారు.

పైడమ్మకి సీటొచ్చింది. టీచరుగారు పోయి ఏడాదైంది. నా జేబులో ఎప్పుడూ రెండు బిళ్ళలుంటాయి. ఒకటి నాకు. రెండోది, మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళెవరైనా "అక్కడ నొక్కండి" అనబోతే వాళ్ళకి.