బండి దూప

ఆదివారం పొద్దున మా మనవరాలు హారిక షెడ్డు తలుపు పైకెత్తిందంటే చాలు, పెట్రోలు, గ్రీజు, వేడెక్కిన రబ్బరు కలిసిన వాసన వంటింటిదాకా వచ్చి పోపు వాసనను కూడా మింగేస్తుంది. సూర్యాపేటలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే పిల్లకు నేలకు జానెడెత్తున పాకే ఆ రెండు సీట్ల ఎర్ర కారు ఎందుకో నేనడగను. అడిగే ఓపిక లేదు. వారమంతా మెడలో బ్యాంకు గుర్తింపు కార్డు వేసుకుని తిరిగే పిల్ల, ఆదివారం వస్తే ఆ కారు కింద వెల్లకిలా పడుకుంటుంది. కాసేపటికి కోదాడ నుంచి ఇద్దరు, మిర్యాలగూడ నుంచి ఒకరు అలాంటి కార్లలోనే వచ్చి మా వాకిట్లో ఆగుతారు. దిగీ దిగగానే బానెట్లు ఎత్తుకుని చుట్టూ నిలబడి, పసిపిల్ల జ్వరం గురించి మాట్లాడుకున్నట్టు ఇంజన్ల గురించి మాట్లాడుకుని, చాయ్ తాగి, వరసగా హైవే ఎక్కుతారు. "నాయనమ్మా, ఒక్క రౌండ్ రావే" అంటుంది హారిక. "నేను తిరగవలసిన రౌండ్లన్నీ ఎనిమిదేండ్ల వయసులనే తిరిగిన, పోవే" అంటాను. అది నవ్వుతుంది, నేను వేళాకోళం చేస్తున్నానని.

ఆ వాసన నాకు కొత్త కాదు. నాకు ఊహ తెలిసేనాటికే ఈ ఊళ్ళోనే మా ఇంటి వెనుక ఎద్దుల కొట్టంలో సగం మా బాపు కారుది. ఆ పక్కన గూడుబండి లాగే రెండు తెల్ల ఎద్దులు నెమరు వేస్తుండేవి, ఈ పక్కన మూతి పొడుగ్గా, టాపు లేకుండా, రంగు వెలిసిన ఆకుపచ్చ కారు ఉండేది, మధ్యలో అడ్డుగోడ కూడా లేదు, పేడ వాసన, పచ్చగడ్డి వాసన, మా నూనె మిల్లు నుంచి గాలికొచ్చే పల్లిచెక్క వాసన, వాటన్నిటి మీద పెట్రోలు. పట్నంలో ఓ తెల్లదొర దేశం విడిచిపోతూ అమ్మేసిన కారది. టాపున్న కారును బాపు కారు కింద జమకట్టేవాడు కాదు. "గాలి తగలకపోతే అది బండెట్లయితది? నాలుగు చక్రాల అర్ర" అనేవాడు. ఇంజను పైకి తీయాలంటే కొట్టం దూలం మీదుగా మోకు వేసి, రెండో కొస ఎద్దులకు కట్టి తోలేవాడు. ఎద్దులు రెండడుగులు ముందుకేస్తే ఇంజను జానెడు లేచేది. అమ్మ వంటింటి గుమ్మంలోంచే కేకేసేది: "ఎద్దులకు దాణా వెడుతున్నది బండికి గట్టెతందుకా, మీ ఇనుము ఎత్తెతందుకా?"

పొద్దుగూకితే ఎవరు వచ్చి తలుపు కొడతారో, ఎవరింటి మగవాణ్ణి తీసుకుపోతారో తెలియని గడబిడ రోజులు కొన్ని మధ్యలో వచ్చాయి. అప్పుడు బాపు కారును గడ్డివాములో కప్పేశాడు. మిలిటరీ వచ్చి, బాటలు తెరిపిన పడ్డాక వాము తీసి చూస్తే సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టి ఉన్నాయి. బాపు వాటిని చేటలోకి ఎత్తి పెరట్లో వదిలి, మిల్లు సంగతి కూడా మరిచిపోయి, ఆ కారుకు మళ్ళీ ప్రాణం పోసేదాకా నిద్రపోలేదు.

ఇక ఆదివారాలు మొదలయ్యాయి. కోదాడ నుంచి బియ్యం వ్యాపారం చేసే బాపు స్నేహితుడొకాయన వచ్చేవాడు, మేము చిన్నాయన అని పిలిచేవాళ్ళం. మిర్యాలగూడ నుంచి ఇంకొకాయన, అమ్మ పుట్టినూరివాడే కనుక మాకు మామ. ముగ్గురివీ టాపులేని కార్లే. మూడు కార్లు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరితే ఊరి పిల్లలందరం దుమ్ములో చెరువుకట్టదాకా ఉరికేవాళ్ళం. వానలు వెనకబట్టి బతుకమ్మ రోజులొచ్చాయంటే ఆ కార్లలో మనుషుల కన్నా పూలే ఎక్కువ. బాటకు అటూ ఇటూ విరగబూసిన తంగేడు, గునుగు కోసి సీట్ల మీద, కాళ్ళ దగ్గర, బానెట్టు మీద కూడా కట్టుకుని వచ్చేవారు, ఆ పూలు దింపుకోవడానికి వాడంతా గంపలతో మా ఇంటికే, ఆ సాయంత్రం ఆడపిల్లలందరి చేతులూ పసుపే. చలికాలం సీతాఫలాలు, ఎండాకాలం తాటి ముంజలు. అమ్మ తెల్లవారకముందే లేచి వాళ్ళకు జొన్నరొట్టెలు, ఉల్లికారం, కోడికూర మూటగట్టి ఇచ్చేది. వాళ్ళు ఏ చింతచెట్టు కిందో కూర్చుని తిన్నారని మాకు చెప్పేవారు. అమ్మ ఆ చింతచెట్టు నీడ ఎలా ఉంటుందని ఎన్నడూ అడగలేదు.

ఎందుకంటే మా ఇంటి ఆడవాళ్ళకు ఘోషా. గడప దాటితే గూడుబండి, గూటికి నాలుగు పక్కలా పరదాలు. టాపులేని కారులో మా అమ్మ కూర్చుంటే ఊరంతా ముక్కున వేలేసుకునేది. కానీ బాపు మిల్లుకు పోయినప్పుడు, సీటు దులిపే వంకతో అమ్మ కొట్టంలోకి వెళ్ళి, కాసేపు ఆ సీటులో కూర్చుని, చక్రం పట్టుకుని ఎదురుగా ఉన్న గోడను చూడటం నేను చూశాను. నన్ను గమనించి, "ఏం సూస్తున్నవ్, పో, కచ్చకాయలాడుకోపో" అని కసిరింది.

కారు ఇల్లు చేరే వేళకు మూతి నుంచి పొగలు కక్కుతుండేది. హారను వినబడగానే అమ్మ రెండు బిందెల నీళ్ళతో తలుపు చాటుకు వచ్చేది, ఒకటి బాపు కాళ్ళకూ గొంతుకూ, ఒకటి కారుకు. బాపు ఏనాడూ ముందు తాను తాగలేదు. ఎవరు వచ్చి కూర్చున్నా, ఎవరు పిలిచినా బానెట్టు ఎత్తాల్సిందే, రేడియేటరు మూత తిప్పాల్సిందే, నీళ్ళు పోయాల్సిందే. "బండి దూప ముందు, మన దూప ఎన్క" అనేవాడు. దూపకు గొంతు ఎండుకుపోతున్నా అలా నిలబడి పోస్తుంటే నాకది గొప్ప ధర్మంలా కనబడేది. అమ్మకు కూడా అలాగే కనబడేదనుకుంటాను.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం మిర్యాలగూడ మామ నవ్వు లేకుండా వచ్చాడు. కారు దిగి తలుపు బయటే నిలబడి అమ్మతో చెప్పాడు. "అక్కా, పెద్దమ్మ పానం మంచిగ లేదు. నిన్నే కలవరిస్తున్నది. ఇయ్యాల్నే పోవాలె." పెద్దమ్మ అంటే మా అమ్మమ్మ. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అలవాటు కొద్దీ, "బండి గట్టమనుండ్రి" అంది. గూడుబండి మిర్యాలగూడ చేరేసరికి తెల్లారుతుంది. బాపు కారు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. అప్పుడాయనకు తోచింది మా ఇళ్ళలో ఎవరికైనా తోచే ఆలోచనే. ఎద్దుబండి గూడు ఊడదీసి కారు మీద కట్టమన్నాడు.

వెదురుబద్దల గూడు, దానికి అద్దకం పరదాలు, మోకులతో కింది నుంచి బిగించి కట్టారు. కోడి మీద గంప బోర్లించినట్టుంది. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేవాళ్ళం. అమ్మ లోపల ముడుచుకుని కూర్చుంటే నన్ను ఒళ్ళో కుక్కారు. కోదాడ చిన్నాయన ముందు కారులోంచి, "వదినా, భయపడమాకండి, మేం ముందొకళ్ళం వెనకొకళ్ళం ఉంటాంగా" అన్నాడు. బయలుదేరాం.

ఊరు దాటి బాపు కాస్త వేగం పెంచాడో లేదో, గూట్లోకి గాలి జొరబడి గూడంతా పైకి లేచింది. ఆపి బిగించారు. మళ్ళీ లేచింది. మళ్ళీ ఆపారు. ఇక బాపు ఎద్దు నడకకు దించేశాడు. గుర్రాన్ని దాటిపోతుందని ఊరు చెప్పుకునే కారును ఒక కట్టెల బండి దాటిపోయింది, దాని మీదివాడు వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. లోపల చీకటి, ఉక్క, కాళ్ళ కింద ఇంజను వేడి. అమ్మ చెమట నా మెడ మీద బొట్లు బొట్లుగా పడుతోంది. "ఎంత దూరమొచ్చినం?" అని అడుగుతూనే ఉంది, బాపు "వస్తున్నం" అంటూనే ఉన్నాడు.

మూసీ ఇసుకలో తాటాకులు పరిచి, అందరూ నెట్టి కార్లను అవతలి గడ్డకు చేర్చారు. పొద్దు బాగా వాలింది. బాపు మళ్ళీ మోకులు బిగించడానికి వంగాడు. అప్పుడు అమ్మ పరదా పక్కకు లాగి తల బయట పెట్టింది.

"ఆ గూడు తీసెయ్యుండ్రి."

"ఎవలన్న సూస్తే?"

"సూడనియ్యిండ్రి. మా అమ్మ పానం పోతున్నది."

బాపు తటపటాయించాడు. అమ్మ ఇక ఆగలేదు. తనే లేచి నిలబడి రెండు చేతులతో వెదురుబద్దలు పట్టుకుని ఊపింది, పెరికింది. గాజులు బద్దల మధ్య పడి పటపటా పగిలాయి, ముంజేతుల మీద నెత్తురు చారలు. మోకులు కోసి గూటిని తుమ్మచెట్టు కింద పడేశారు. ఒక్క గాజు కూడా మిగల్లేదని ఆ తొందరలో ఎవరూ చూడలేదు. "ఇగ కొట్టుండ్రి" అంది అమ్మ.

బాపు కొట్టాడు. అలాంటి వేగం నేనెరుగను. గాలికి అమ్మ కొంగు జారింది, ముడి ఊడింది. ఒక్కసారి, ఒక్కసారే, కళ్ళు మూసుకుని ముఖం గాలికెత్తింది. అంత అందంగా మా అమ్మను నేను మళ్ళీ చూడలేదు. తరవాత దుమ్ము, చెమట. కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది, మైనం మీద అద్దిన కుంకుమ ఆ వేడికి కరిగి కొంగుకే అంటుకుపోయింది.

అమ్మమ్మ ఇంటి ముందు ఆగేసరికి కారు మూతి నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. అమ్మ నా చేయి పట్టుకుని లోపలికి పరిగెత్తింది. అమ్మమ్మకు కళ్ళలో పొరలు కమ్మి చాలా రోజులైంది. మంచం మీద చేతులు చాపి, "ఎవరు, లచ్చువా?" అంది. "నేనేనమ్మా." అమ్మమ్మ అమ్మ చేతులు పట్టుకుంది. ముంజేతుల మీద అటూ ఇటూ తడిమింది. ఆగిపోయింది. చేయి పైకెత్తి అమ్మ నుదురు తడిమింది.

"గాజులేవి బిడ్డా? బొట్టేది?"

"బండి గూడు తీస్తుంటె పలిగినయమ్మా."

"అల్లుడేడి?"

"బయటున్నడమ్మా. బండికి నీళ్ళు వోస్తున్నడు."

"నాకు అబద్ధం జెప్పకు బిడ్డా" అంది అమ్మమ్మ. ఆమెను మాత్రం ఏమనగలం? ఇంటి మగవాళ్ళు చెప్పాపెట్టకుండా మాయమైపోయిన రోజులు అప్పుడే దాటి వచ్చాం. అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఉరుకవే, బాపును పిలువు!"

నేను ఉరికాను. బాపు బానెట్టు ఎత్తి, గుడ్డ చుట్టిన చేత్తో మూత తిప్పి, పొరుగువాళ్ళిచ్చిన బిందె వంచుతున్నాడు. "బాపూ, అమ్మమ్మ పిలుస్తున్నది." "వస్తున్న బిడ్డా, బండి దూపకొచ్చింది, ఇంజను పలుగుతది." ధోవతి పట్టుకుని లాగాను. "ఈ ఒక్క బిందె" అన్నాడు. నీళ్ళు గుడగుడమంటూ దిగుతున్నాయి, ఎంతకూ నిండవు. నిండాక మూత బిగించి, చేతులు తుడుచుకుని బయలుదేరాడు. ఆయన గడపలో కాలు పెట్టకముందే లోపలి నుంచి ఏడుపు వినవచ్చింది.

"నా బిడ్డ బతుకు గిట్లయిపాయె" అన్నదట అమ్మమ్మ, అదే ఆఖరి మాటట.

కర్మలయ్యాక మేము వేరే గూడుబండిలో తిరిగి వచ్చాం. పరదా లోపలి నుంచి అమ్మ, ఎద్దుల పక్కన నడుస్తున్న బాపుకు వినబడేలా అంది: "మా అమ్మ నన్ను ముండమోసిందనుకోనే పోయింది. ఒక్క బిందె నీళ్ళకు." కారును తరవాత మామ తెచ్చి అప్పగించాడు. బాపు దాన్ని కొట్టంలోకి నెట్టించి గడ్డి కప్పేశాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆ ఇద్దరూ కొన్నాళ్ళు వచ్చి పిలిచారు, తరవాత మానుకున్నారు. రెండు మూడేళ్ళకు అమ్మే, "తీయుండ్రి, ఇంకెన్ని రోజులు" అంది. తీయలేదు. అందులో కోళ్ళు పొదిగాయి, చింతపండు కుండలు పెట్టారు, చివరకు ఇనుప సామాన్లవాడు బండి కట్టుకుని వచ్చాడు. అమ్మ మటుకు బతికినన్నాళ్ళు ఏ బండి దిగినా ముందు నుదురు తడుముకుని, గాజులు గలగలమనిపించి, అప్పుడు గడప దాటేది.

అమ్మ బాపు కంటే ముందే పోయింది. ఆడవాళ్ళు స్నానం చేయించి, పసుపు పూసి, మోచేతిదాకా గాజులు తొడిగారు. నడుం వంగిపోయిన బాపు వచ్చి కుంకుమ భరిణె తెమ్మన్నాడు. వేలితో రూపాయంత బొట్టు దిద్దాడు. ఇంటి నిండా జనం ఉన్నా ఎవరూ లేనట్టే అమ్మ చెవి దగ్గరకు వంగి అన్నాడు: "పో లచ్చువా. పొయ్యి మీ అమ్మకు సూపెట్టు."

పోయిన ఆదివారం హారిక పోరు పడలేక కారెక్కాను. మిర్యాలగూడ దాకా పోయి వచ్చాం. మూసీ మీద వంతెన, ఇసుక కళ్ళబడేలోగానే దాటిపోయింది. చింతచెట్లు లేవు, తుమ్మచెట్టు ఏదో గుర్తుపట్టలేకపోయాను. బాట పక్కన తంగేడు ఎక్కడో ఒకటీ అరా, నూనె మిల్లు ఉన్నచోట సెల్లు ఫోన్ల దుకాణాలు. గూడుబండి అంటే ఏమిటని హారిక అడిగితే చెప్పబోయి అలసట వచ్చి ఊరుకున్నాను. ఇంటి ముందు ఆగగానే అది అలవాటుగా కిందికి దూకి పోయి బానెట్టు ఎత్తింది. నేను ఆ లోతు సీటులోంచి లేవలేక అలాగే ఉండిపోయాను.

"ముందు నన్ను దించవే!" అని అరిచాను. హారిక బిత్తరపోయి బానెట్టు అలాగే వదిలేసి ఉరికి వచ్చింది. "ఏమైంది నాయనమ్మా?" అంటూ నల్లమరకల చేయి అందించింది. ఏమీ కాలేదన్నాను. గడప దాటేదాకా ఆ చేయి వదల్లేదు.