చదవకుండా పెట్టిన సంతకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా బళ్ళారిలో ఫాదర్లు నడిపే మగపిల్లల బడిలో సోషల్ చెబుతున్నాను. ఆ కోపానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. మా ఇంట్లో దేవుళ్ళు వేరు. అయినా డిసెంబరు వచ్చిందంటే బడిలో జరిగే ఆగమన కాలంలో నాకూ వాటా ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు ఎవరి మనసును వాళ్ళు తరచి చూసుకోవాలి.

ప్రతి క్లాసులోనూ బల్ల మీద ఒక చిన్న ఖాళీ తొట్టి పెడతారు. ఎవరికీ చెప్పకుండా ఒక మంచి పని చేసినవాడు అందులో ఒక వరిగడ్డి పరక వేయాలి. పండగనాటికి బాలయేసు బొమ్మకు మెత్తటి పడక తయారవాలి. పోయినేడాది హెడ్మాస్టరు ఫాదర్ దీనికి పోటీ పెట్టారు. ఏ క్లాసు తొట్టి నిండితే ఆ క్లాసుకు బహుమతి అన్నారు. ఇంకేముంది, మూడు రోజులకే పక్క సెక్షన్ తొట్టి పొంగి పొర్లింది. అంతమంది పుణ్యాత్ములు మా బడిలో ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

మా తొమ్మిది బీ పిల్లలకు మాత్రం గట్టిగా చెప్పాను: "చేస్తేనే వేయండి. ఉత్తుత్తి గడ్డి వేస్తే చెవులు మెలేస్తా." మూడో వారానికి కూడా మా తొట్టి అడుగు కనిపిస్తూనే ఉంది. పిల్లలు గొణిగారు. చివరికి వెనక బెంచీవాడొకడు లేచాడు.

"సార్, మీరు ఒగటన్నా ఏసినారా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ మనసు కలుక్కుమంది. వేయడానికి నా దగ్గర ఏమీ లేదు. దాచుకోవడానికి మాత్రం ఒకటి ఉంది.

దసరా ముందు పరీక్షలో రెండు పేపర్లలో ఒకే తప్పు దొరికింది. బళ్ళారి పక్కనున్న సంగనకల్లు కొండ మీది రాతి గొడ్డళ్ళు ఇనుప యుగానివని ఇద్దరూ రాశారు, అక్షరం పొల్లుపోకుండా. ఒకడు డాక్టరుగారి కొడుకు. ఇంకొకడు దేశనూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు, నాట్లకూ కోతలకూ పోయే ఇంటి పిల్లవాడు. ఎవరిది చూసి ఎవరు రాశారో నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దేశనూరువాడికి సున్నా వేశాను. వాళ్ళ నాయనను పిలిపించి, స్టాఫ్‌రూము గుమ్మం దగ్గరే నిలబెట్టి, కొడుకును దొంగ అన్నాను. ఆయన నా ఎదుటే కొడుకు వీపు మీద నాలుగు వేశాడు. నేను ఆపలేదు.

నవంబరులో నోటుపుస్తకాలు తిరగేస్తుంటే ఆ పిల్లవాడి జూలై నోట్సులో అదే వాక్యం కనిపించింది. కింద ఎర్ర సిరాతో నా సంతకం, చదవకుండా పెట్టింది. తప్పు వాడి సొంతం. దానికి ఒప్పు అని ముద్ర వేసింది నేను. చూసి రాసింది డాక్టరుగారి కొడుకు. పుస్తకం మూసేసి, నెల రోజులు నోరు కూడా మూసుకున్నాను. సిగ్గేసింది, నిజమే, కానీ సిగ్గు కన్నా పరువే ఎక్కువైంది.

వెనక బెంచీవాడు అడిగాక ఇక ఉండలేక ఫాదర్ దగ్గరికి పోయి, జరిగింది చెప్పి, ప్రార్థనలో అందరి ముందు ఒప్పుకుంటానన్నాను. అంతా విని ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"మార్కులు మారుద్దాం. ప్రార్థన దగ్గర అందరి ముందర చెప్పేదెందుకు? సుమ్నే ఇరి సార్," అన్నారు. ఊరుకోండి అని కన్నడంలో బతిమాలడం.

"దొంగ అనేటప్పుడు అందరికీ ఇనపడేట్టే అన్నా గదా ఫాదర్."

"డిసిప్లిన్ పోతాది."

"పోతే పోనీ. మూడు వారాలుగా మైకులో మనసు చూసుకోండి అంటాండారు. చూసుకున్నా. ఇప్పుడు మూసుకోమంటే ఎట్ల?"

మర్నాడు ప్రార్థనలో మంచిమాట చెప్పే వంతు నాదే. బడి మొత్తం ముందు చెప్పేశాను. డాక్టరుగారి కొడుకు పేరు ఎత్తలేదు, నా పేరే ఎత్తాను. స్టాఫ్‌రూములో పెద్ద సారు ఒకాయన, "తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంట. రేపు మమ్మల్ని కూడా పిల్లోళ్ళు నిలదీస్తారు," అన్నాడు. "నిలదీయనీ సార్, జవాబు చెప్తాం," అన్నాను. ఆ రోజు నా కోసం ఎవరూ టీ చెప్పలేదు. నేనే పోయి తాగాను.

గంట కొట్టాక దేశనూరు పిల్లవాణ్ణి పిలిచాను. సంతోషిస్తాడనుకున్నాను. వాడు బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నాకు చెప్తే ఏం లాభం సార్? నేను చూసి రాయలేదని నాకు తెలుసు గదా. మా నాయనకు తెల్దు."

ఆదివారం వాళ్ళ ఊరికని సిరుగుప్ప బస్సెక్కాను. సారు పోయి కూలాయన ఇంటి ముందు తప్పు ఒప్పుకోవడం యాడా చూడలేదని మా ఆవిడ అంది. ఇప్పుడు చూడు అన్నాను. దేశనూరులో దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు చేరేసరికి ఆయన కోత నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. దారి పొడవునా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. నేను నోరు తెరిచేలోగానే ఆయన నన్ను గుర్తుపట్టాడు. చెంబు కింద పెట్టి గబగబా చేతులు జోడించాడు.

"మళ్ళా ఏం చేసినాడు సార్ మావోడు?"

"వాడు కాదప్పా," అన్నాను. "చేసింది నేను."