లేదని చెప్పిన జబ్బు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా కడుపులోనే ఉంది. మొదట సిగ్గుతో దాచాను. రెండేళ్ల కింద అదే అబద్ధమైంది. అబద్ధమయ్యాక దాని బరువు వేరు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది కోరుట్ల. పెళ్లయిన నాటి నుంచి బీడీలు చేస్తున్నాను. చదువు నాలుగో తరగతితో ఆగింది కానీ విన్నది మరిచిపోను. ఎనిమిదేళ్ల కింద దగ్గు పట్టుకుని వదల్లేదు. సిరిసిల్లలో మా అమ్మగారింటికి పోయినప్పుడు సర్కారు దవాఖానాలో చూపించుకుంటే టీబీ అన్నారు. ఆరు నెలల మందులు. అమ్మను చూసొస్తానని చెప్పి నెలనెలా బస్సెక్కి తెచ్చుకున్నాను. బీడీల చాటలో ఆకు కింద పెట్టుకుని, ఎవరూ చూడకుండా మింగాను. తెలిస్తే నా కంచం వేరు చేస్తారని, నేను చేసిన బీడీలు తీసుకోరని భయం.

అప్పుడే డిగ్రీ అయిపోయి మా మరిది బిడ్డ ఇంటికొచ్చింది. ఎండాకాలం. మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు, కూలర్ నా గదిలోనే ఉంది. నా పక్కనే పడుకునేది. వేరే పడుకొమ్మంటే ఎందుకని అడుగుతుంది. అందుకే అనలేదు.

తర్వాత ఆమె జగిత్యాలలో బట్టల షోరూంలో బిల్లుల దగ్గర పనికి చేరింది. రెండేళ్ల కింద ఆస్ట్రేలియా వీసా సంగతి తెచ్చింది. ఏడాదిపాటు అక్కడ తిరుగుతూ, ఖర్చులకు పని చేసుకోవచ్చట. లాటరీలో పేరు రావాలి. ముప్పై దాటితే పెట్టనివ్వరు. ఆమెకు ఇరవై తొమ్మిది. నా చాట ముందు కూర్చుని, ఖర్చులు ఒక్కొక్కటే రాస్తూ పైకి చదివింది. లాటరీ ఫీజు, ఇంగ్లీషు పరీక్ష, పోలీసు సర్టిఫికెట్, వీసా ఫీజు, మెడికల్, టికెట్, బ్యాంకులో చూపించాల్సిన పైసలు.

"ఇమానం ఎక్కకముందే గిన్ని ఫీజులా బిడ్డా? మీ పెద్దబాపు మస్కట్‌కు పోయేటప్పుడు ఏజెంటు చేతిల పెట్టిండు, గంతే."

"అందుకే ఏం పనో అక్కడ దిగినంక తెల్సింది పెద్దబాపుకు."

ఇద్దరం నవ్వుకున్నాం. బ్యాంకులో చూపించడానికి నా పీఎఫ్ పైసలు తీసుకొమ్మన్నాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ కాగితం చూసింది.

"పెద్దమ్మా, మెడికల్ కాడ ఒకటి అడుగుతున్నరు. ఇంట్ల ఎవలికన్న టీబీ అచ్చిందా అని."

"మనింట్ల ఎవలికి లేదు."

"అయితే మెడికల్ ఆఖరికి చేపిస్త. గా ఖర్చు అప్పటిదాక ఆగుతది."

"ఆగనియ్."

లాటరీలో పేరొచ్చింది. ఫీజులన్నీ కట్టి, ఉద్యోగం మానేసింది. ఆఖరున చేయించిన మెడికల్‌లో, ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. మళ్లీ పరీక్షలు, టీబీయేనని తేలడం, హైదరాబాదుకు తిరగడం, ఆరు నెలల మందులు. బ్యాంకులో చూపించాల్సిన పైసలు వాటికే కరిగిపోయాయి. దరఖాస్తు వెనక్కి తీసుకుంది. నయమైంది కానీ వయసు దాటింది. మళ్లీ అదే షోరూంలో బిల్లులు కొడుతోంది.

ఆ రోజు ఉందని చెప్పి ఉంటే? ముందే సర్కారు దవాఖానాలో చూపించుకునేది. మందులు వాడి, నయమయ్యాకే ఫీజులు కట్టేది. అప్పటికింకా వయసు ఉండేది. చెబితే వీసా చెడిపోతుందనే ఊరుకున్నానని నాకు నేను చాలా రోజులు చెప్పుకున్నాను. నిజమేనా? ఆ క్షణంలో వీసా నా తలలో లేనే లేదు. నా కంచమే ఉంది. పైసలన్నీ ఇచ్చినదాన్ని ఒక్క మాట ఎందుకు చెప్పలేకపోయాను? పైసలిస్తే ఇంట్లో మంచిదాన్నయ్యాను. అందుకేనా ఇచ్చింది?

ఇంకొకటుంది. ఎప్పుడో అంటిన రోగం ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చని డాక్టరు చెప్పాడట. డిగ్రీ చదివేటప్పుడు కరీంనగర్ హాస్టల్‌లో తనతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలి నుంచే ఆ రోగం అంటుకుందని ఆమె అనుకుంది. ఆ పిల్ల అప్పట్లో దగ్గేదట. ఫోన్ చేసి అనేసింది కూడా. నేను పక్కనే కూర్చుని ఆకు కత్తిరిస్తున్నాను. నా చెయ్యి ఆగలేదు. అప్పటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఆ పిల్ల మా ఇంటికొస్తే నా చేతి సర్వపిండి అడిగి మరీ తినేది.

మా మరిది బిడ్డకు ఇంకా చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాట కూడా ఇవ్వలేను. కానీ ఇక్కడైనా ఒక్కసారి ఉన్నదున్నట్టు అననివ్వండి. టీబీ వచ్చింది నాకు. ఆ బిడ్డను పక్కన పడుకోబెట్టుకున్నది నేను. లేదన్నది నేను. ఆ హాస్టల్ పిల్ల ఏ తప్పూ చేయలేదు.