విందుకు మోగని తుపాకి

పొద్దు వాలగానే కృష్ణవేణమ్మ బర్రెకు కుడితి పెట్టి, చేతులు కడుక్కుని, ఇంటి ముందు అరుగు మీద మొగుడి పక్కన కూర్చుంటుంది. చేతులకున్న మట్టిగాజులు ఒక్కొక్కటే తీసి ఆయనకు అందిస్తుంది. దేవేంద్రప్పకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అందుకని గాజుల్ని ఎడమచేతి వేళ్లకే తగిలించుకుని, ఆమె తిరిగొచ్చేదాకా అలాగే కూర్చుంటాడు.

"నేనేసుకునేదా?" అంటాడు రోజూ.

"ఏసుకో. పని లేని చేతికి బాగుంటాయి," అంటుంది ఆమె, అదీ రోజూ.

తర్వాత లోపలికి వెళ్లి బీరువా తాళం తీసి, రైఫిలు భుజానికి తగిలించుకుని చేను దారి పడుతుంది.

ఆ ఊరు ఆలూరుకు పడమర. చేను వాగువంక పక్కన ఉంది. వంక పొడుగునా ముళ్లకంప పెరిగి, అందులో అడవిపందులు కాపురం పెట్టాయి. పగలంతా కంపలో పడుకుని, పొద్దు మునిగే వేళకు పిల్లాజెల్లాతో బయలుదేరతాయి. వేరుశనగ చేన్లో పంది దిగిందంటే నాగలి దున్నినట్టే. తిన్నది కొంత, పెకలించి పారేసింది కొండంత.

పందికి చూపు అంతంత మాత్రమే కానీ చెవులు మహా చురుకు. తుపాకి చేతికొచ్చిన కొత్తలో కృష్ణవేణమ్మ గాజుల మీద పాత చీరపేలిక చుట్టుకుని పోయేది. ఒక సాయంత్రం గురి చూస్తుండగా పేలిక జారింది. గాజూ గాజూ తగిలి చిన్న చప్పుడైంది. అంతే, మంద మొత్తం వెనక్కి తిరిగి కంపలో దూరిపోయింది. మర్నాటి నుంచి ఆమె గాజులు తీసి పోవడం మొదలుపెట్టింది.

మొగుడు బతికుండగా చేతులు బోసిగా పెట్టుకునే ఆడది ఆ ఊళ్లో లేదు. ఆసుపత్రిలో కోత కోసేటప్పుడు కూడా, ఒక్కటైనా ఉండనీయమ్మా అని నర్సును బతిమాలుకుంటారు. రోజూ తీసి రోజూ వేసుకునే మనిషిని చూసి ఊరు ముందు ముక్కున వేలేసుకుంది, తర్వాత గుసగుసలాడింది. ఆ గుసగుసలు చెవిన పడ్డప్పుడు దేవేంద్రప్ప ఒకటే మాట అన్నాడు: "నేను ఉండానో పోయినానో నాకు తెల్దా? గాజుల్నడిగి తెలుసుకోవాల్నా?"

ఆ తుపాకి నిజానికి ఆయనదే. పంట కాపాడుకోవడానికి తీసుకున్న లైసెన్సు. చెయ్యి పడిపోయాక, ఇక దాన్ని స్టేషన్లో అప్పజెప్పేస్తారనుకున్నారు అందరూ. కృష్ణవేణమ్మ కాగితాలు సంచిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కింది. ఆఫీసులో గుమాస్తా ఆమెను ఎగాదిగా చూశాడు.

"మగపిల్లలు లేరామ్మా? వాళ్ల పేరు మీద రాయించుకోరాదూ?"

"ఒక్కతే పాప సార్, నాగజ్యోతి. బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీలో పని చేస్తాంది."

"అల్లుడు?"

"అల్లుడూ ఆడనే ఉండాడు. పందులు మా చేన్లో ఉండాయి."

గుమాస్తా నవ్వుకుంటూ ఫైలు పైకి పంపాడు. అది కదలడానికి చాలా కాలం పట్టింది. పోలీసుల దగ్గర కాల్చడం నేర్చుకోవాలన్నారు. మొదటి గుండుకే రైఫిలు మడమ భుజాన్ని కుమ్మితే కానిస్టేబుళ్లు నవ్వారు. ఆమె తువ్వాలు మడిచి భుజం మీద పెట్టుకుని ఇంకో గుండు అడిగింది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ ఊళ్లో తుపాకి మోగితే, అన్నం తినేవాళ్లు ముద్ద ఆపకుండానే "కృష్ణవేణమ్మ" అనుకుంటారు. అటవీ శాఖ వాళ్లు పందుల వరకే అనుమతి ఇచ్చారు. పడిన పందిని వాళ్లకు చూపించి పూడ్చేస్తుంది. ఆమె చేనుతో పాటు చుట్టుపక్కల నాలుగు చేలూ దక్కుతున్నాయి.

ఈ ఏడు వాన మధ్యలో ముఖం చాటేసింది. కాయ ఊరే సమయంలో చినుకు లేదు. అప్పుడే టీ అంగడి దగ్గర భూపేష్ ఒక మాట వదిలాడు: "గాజులు తీసేసి తుపాకి పట్టే ఆడదుంటే ఊరికి వానెట్ల వస్తాది?"

భూపేష్‌కు ఊళ్లో అందరికన్నా ఎక్కువ పొలం ఉంది, బేతంచెర్లలో బండల గని ఉంది, సీజనులో ఊరి చేలన్నీ దున్నే ట్రాక్టర్లు ఉన్నాయి. ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. విన్నవాళ్లు మాత్రం నవ్వకుండా ఇంటింటికీ చేరవేశారు. సరిగ్గా ఆ వారంలోనే లైసెన్సు పొడిగింపుకు విచారణ ఉంది. ఎస్సై వచ్చి ఊరి పెద్దల్ని అడుగుతాడు. ఊరు వద్దంటే తుపాకి స్టేషనుకు పోతుంది. తుపాకి పోతే చేను పందులకు రాసిచ్చినట్టే. ఇది కృష్ణవేణమ్మకు తెలుసు. భూపేష్‌కు ఇంకా బాగా తెలుసు.

విచారణకు రెండు రోజుల ముందు సాయంత్రం ఆమె చేని గట్టు వెనక, రాళ్లకుప్ప చాటున కూర్చుని ఉంది. గాలి వంక వైపు నుంచి తన వైపుకు వీస్తోంది. పక్క చేన్లో మంచె మీద ముసలి తిమ్మయ్య పందుల్ని అదిలించే డబ్బా ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. అంతలో దారి మీద మోటారుసైకిలు ఆగిన చప్పుడు. భూపేష్, వెనక ఆయన ట్రాక్టరు డ్రైవరు హనుమేష్, గట్టు మీదుగా నడిచొచ్చారు.

"ఏమక్కా, ఇంకా రాలేదా నీ చుట్టాలు?" అన్నాడు భూపేష్.

"నువ్వు బండి మోత పెట్టుకుంటా వస్తే యాడొస్తాయప్పా. వచ్చినావు కదా, గమ్మున కూచో."

భూపేష్ తెల్లప్యాంటు పైకి లాక్కుని రాయి మీద కూర్చున్నాడు.

"ఎస్సై ఎల్లుండి వస్తాండాడంట."

"రానీ."

"ఊళ్లో శానామంది శానా మాట్లాడ్తాండారు నీ గురించి. నేనొక్క మాటంటే అందరూ నోరు మూసుకుంటారు."

"అను మరి. ఆ మాట పుట్టించినోడివి నువ్వే కదా."

భూపేష్ నవ్వాడు. "అంటాలే. ముందు నాకొక పని చేసిపెట్టు. రేపు బెంగళూరు నుంచి నా బండలు కొనేటోళ్లు వస్తాండారు. కోడి, పొట్టేలు తిని వాళ్లకు మొకం మొత్తింది. జింక కావాల."

ఆమె చూపు వంక మీంచి తిప్పలేదు.

"నీ తుపాకి మోగితే పందనుకుంటారు. ఎవడూ అడగడు. నీకు భయమైతే హనుమేష్ కొడతాడు. నువ్వు మొకం అట్ల తిప్పుకో, చాలు."

"నేనైతే ఒక్క గుండుకే పడేస్తా పెద్దమ్మా," అన్నాడు హనుమేష్.

"మొన్న ట్రాక్టరును వంకలో పడేసినావు కదరా, అట్లనా?"

హనుమేష్ ముఖం మాడ్చుకున్నాడు. భూపేష్ వేలెత్తి ఊరుకోమన్నాడు. బీడులోంచి జింకలు వస్తున్నాయి.

ముందు ఆడవి, మట్టిరంగులో మట్టిలా కలిసిపోయి. వాటి వెనక మగది, నల్లటి వీపు, మెలితిరిగిన కొమ్ములు. వాలిన ఎండ వాటి పొట్టల కింద తెలుపు మీద పడుతోంది. చేని అంచుకొచ్చి ఆగి, తలెత్తి చూసి, మళ్లీ రెండడుగులు వేశాయి. అంత దగ్గరికి రావడం ఎప్పుడో గాని జరగదు.

"అదిగో, ఆ మగది," అన్నాడు భూపేష్ గొంతు తగ్గించి. "ఒక్క దెబ్బక్కా. ఎల్లుండి ఎస్సైతో నేనే చెప్తా, మా ఊరికి ఈమె తుపాకే దిక్కని."

జింకల మీద కృష్ణవేణమ్మకు ప్రేమేమీ లేదు. పోయినేడు కందిమొలకల్ని నేలమట్టంగా కొరుక్కుపోయింది ఇవే. కొడితే జైలని తెలుసు. పట్టించేవాడే పక్కన కూర్చుని కొట్టమంటున్నప్పుడు జైలు కూడా దూరంగానే కనిపిస్తుంది. ఒక్క గుండుతో ఊరి నోళ్లు మూతపడతాయి, తుపాకి ఇంట్లో ఉంటుంది, చేను దక్కుతుంది. ఆమె ఆ లెక్కంతా వేసుకుంది. ఆ పైన ఇంకో సంగతి కూడా తోచింది. విందు రేపటితో ఆగదు. ఈ జింక పడ్డాక ఈ తుపాకి భూపేష్‌ది. తన బీరువాలో ఉంటుంది, తన పేరు మీద ఉంటుంది, ఆయన చెప్పినప్పుడు మోగుతుంది. తను దానికి కావలి మనిషి అవుతుంది.

"లేటైతే పోతాయి పెద్దమ్మా, ఇట్లియ్యి," అంటూ హనుమేష్ రైఫిలు మడమ మీద చెయ్యి వేశాడు.

కృష్ణవేణమ్మ ఆ చెయ్యి విదిలించి లేచి నిలబడింది. ఎదురుగా మనిషెత్తు మట్టిగట్టు ఉంది, అటువైపు ఎవరూ లేరు. గొట్టం దానివైపు తిప్పి పేల్చింది.

మట్టి ఎగిరింది. జింకలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచి, నేల తగిలీ తగలనట్టు బీడు దాటిపోయాయి. వంకలో కంప పటపట విరిగింది. అప్పుడే బయటికి రాబోతున్న పందులు కూడా వెనక్కి మళ్లాయి.

తిమ్మయ్య ఉలిక్కిపడి మంచె దిగి వచ్చాడు. "ఏం కొట్టినావు?"

"గట్టును."

"గట్టేం చేసింది నిన్ను?"

"ఈయప్ప విందుకు జింక కావాలంట. వాటికి దారి చూపించినా."

తిమ్మయ్యకు కోపం వచ్చింది. అయితే భూపేష్ మీద కాదు. "జింకలేమన్నా నీ అక్కచెల్లెండ్లా? నా చేనంతా తినేది అవే కదా. వచ్చే పందుల్ని కూడా చెడగొట్టినావు. ఈ రాత్రి నా కాయంతా పెళ్లగిస్తాయి."

"నా కాయ కూడా పెళ్లగిస్తాయిలే మామా. పెళ్లగించనీ. నా తుపాకి ఒకరి ఇస్తరాకు కోసం మోగదు."

భూపేష్ ప్యాంటు మీది దుమ్ము దులుపుకున్నాడు. "బాగా ఆలోచించుకో అక్కా. ఎల్లుండి నా నోట్లోంచి ఏమొస్తాదో నాకే తెల్దు. దుక్కికి నీ చేన్లోకి ట్రాక్టరెట్ల వస్తాదో అదీ తెల్దు."

"నీకు తెల్దేమో. నేనేం చెప్పాల్నో నాకు తెలుసప్పా."

ఇంటికొచ్చాక దేవేంద్రప్ప అడిగాడు: "ఒక్క దెబ్బే విన్నా. పడిందా?"

"గట్టును కొట్టినా."

"తప్పించుకోలేదు కదా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ తర్వాత జరిగిందంతా చెప్పింది. ఆయన గాజులున్న చెయ్యి ఆమె వైపు చాపాడు. "పోతే పోనీలే తుపాకి," అన్నాడు.

"పోనీలే అంటే పోతాది. నేననను," అంది ఆమె, అన్నం వడ్డిస్తూ.

తిమ్మయ్య చెప్పినట్టే అయింది. తెల్లారేసరికి రెండు చేలలోనూ పందులు సాళ్లకు సాళ్లు పెళ్లగించి పోయాయి.

విచారణ పంచాయతీ ఆఫీసు ముందు జరిగింది. ఎస్సై కుర్చీలో, భూపేష్ పక్క కుర్చీలో, మిగతా ఊరు నిలబడి. ఏమైనా అభ్యంతరాలున్నాయా అని ఎస్సై అడిగాడు. భూపేష్ మెత్తగా మొదలుపెట్టాడు. ఆడమనిషి అన్నాడు, ఊరి ఆచారం అన్నాడు, వానలు లేవని జనం బాధపడుతున్నారన్నాడు.

కృష్ణవేణమ్మ ముందుకొచ్చింది. "ఈ ఏడు మండలంలో ఏ ఊళ్లో వాన పడింది సార్? అన్ని ఊళ్లల్లోనూ నేనే గాజులు తీసినానా?"

వెనక ఎవరో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. మొన్న సాయంత్రం జింక కోసం ఎవరొచ్చారో, ఏం బేరం పెట్టారో, గుండు ఎక్కడ పడిందో, భూపేష్ ముఖం చూస్తూనే చెప్పింది.

"అక్క తమాషాలాడ్తాంది సార్," అన్నాడు భూపేష్.

ఎస్సై హనుమేష్ వైపు చూశాడు. హనుమేష్ తన చెప్పులు చూసుకున్నాడు. ఆ సాయంత్రం చేన్ల దగ్గరున్న ఇంకో మనిషి తిమ్మయ్యే. ఆయన చేను దున్నేది కూడా భూపేష్ ట్రాక్టరే. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ముసలాయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"జింకలు నా చేను తింటాయి సార్. పడితే నాకే మంచిది. ఈమె కొట్టలేదు, దానికి నాకింకా కోపమే. కానీ ఈయప్ప కొట్టమన్నాడు. నేను నిద్దరపోతాండాననుకున్నారు గానీ, మంచె మీద నా చెవులార విన్నా."

ఎస్సై భూపేష్‌ను ఏమీ అనలేదు. కేసూ రాయలేదు. బెంగళూరు వాళ్లు ముందు రోజే కోడికూర తిని వెళ్లిపోయారు. విచారణ అయిన మూడో సాయంత్రం వంక ఒడ్డున ఒక పంది పడింది, కృష్ణవేణమ్మ దాన్ని చూపించి పూడ్చింది. అప్పటికి చేన్లో సగం పంటే మిగిలింది.

లైసెన్సు ఇప్పుడూ ఆమె పేరు మీదే ఉంది. భూపేష్ ట్రాక్టర్లు ఆమె చేనికీ రావు, తిమ్మయ్య చేనికీ రావు. దుక్కి సమయానికి ఆ ఇద్దరూ కలిసి పక్క ఊరి నుంచి ఎద్దుల్ని బాడుగకు తెచ్చుకుంటారు.