తొమ్మిది గడుల ఉత్తరం

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. ఇప్పుడంటే వచ్చిన పనులు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నాను గానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో చేతిలో ఒక స్క్రూడ్రైవరూ నోట్లో ఒక నాలుకా ఉంటే చాలు, లోకంలో తను విప్పలేనిది లేదనుకుంటాడు మనిషి. (బిగించడం వేరే విద్య. అది చాలా ఆలస్యంగా వస్తుంది.) ఎనిమిదో తరగతి మధ్యలో బడికి సలాం కొట్టినవాణ్ణి, ఖతర్ వచ్చి లుసైల్‌లో రెండేళ్ళు కరెంటు పైపులు మోసి, ఆ తర్వాత దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో ఒక మలయాళీ ముసలాయన నడిపే సెల్‌ఫోన్ రిపేరు షాపులో కుదురుకున్నాను. ఆయన్ని అందరూ ఇక్కా, అంటే అన్న, అనేవారు. నన్ను అందరూ రేడియో అనేవారు. కరెంటు పోయినా ఆగని రకం అని ఆ పేరుకి అర్థం.

ఒక శుక్రవారం పొద్దున, జుమ్మా నమాజుకని షట్టరు సగం దించుతుంటే, కింద నుంచి వంగి ఒక పెద్దాయన లోపలికి వచ్చారు. గోదావరి వైపు మనిషి, ఏదో కంపెనీలో ముప్ఫై ఏళ్ళుగా స్టోర్‌కీపరు. చర్చి నుంచి నేరుగా వచ్చారేమో (అక్కడ సెలవు శుక్రవారం, చర్చీ ఆ రోజే), చొక్కా మడత నలగలేదు. పాతకాలపు మనవాళ్ళంతా ఆయన్ని ఉత్తరాల సారు అంటారని విన్నాను గానీ ఎందుకంటారో తెలియదు. సంచిలోంచి ఆయన గోధుమరంగు కీబోర్డు ఒకటి, ముందువైపు సన్నటి నోరున్న బరువైన పెట్టె ఒకటి తీసి నా బల్లమీద పెట్టారు.

"ఏంది సార్ ఇది, రొట్టెలు కాల్చే మిషనా?" అన్నాను.

"కంప్యూటర్రా అబ్బాయ్. నువ్వు పుట్టకముందుది. అది కీబోర్డు కాదు, అందులోనే ఉంది కంప్యూటరంతా. ఈ పెట్టె దీని డ్రైవు."

ఇక్కా కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "అరే, మ్యూజియం సే చోరీ కర్కే లాయా క్యా?"

సారు నవ్వలేదు. కంప్యూటరు కాలిపోయిందట. డ్రైవు బతికే ఉందట. గదిలో పెట్టెనిండా పాత డిస్కులు ఉన్నాయట, అప్పడాల్లా పల్చటివి, మడిచిన చేతిరుమాలంత వెడల్పువి. రెండు నెలల్లో ఆయన ఎగ్జిట్ మీద పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతున్నారు. ఆలోపల వాటిలో ఉన్నదంతా మామూలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలి. కానీ డ్రైవుకి ఉన్నది గుండ్రటి ఆరు సూదుల ప్లగ్గు. ల్యాప్‌టాప్‌కి ఉన్నది యూఎస్‌బీ. ముత్తాతకీ మునిమనవడికీ మధ్య మాట కలిపే మనిషి కావాలి.

"అందులో ఏమున్నయి సార్?"

"ఉత్తరాలు."

అప్పుడు తెలిసింది పేరు వెనక కథ. ఫోన్లు లేని ఆ కాలంలో క్యాంపుల్లో చదువురానివాళ్ళు శుక్రవారం శుక్రవారం ఆయన గది ముందు వరస కట్టేవారట. వాళ్ళు చెబుతుంటే ఆయన ఈ కంప్యూటర్లో కొట్టి, అచ్చు తీసి, కవరులో పెట్టి ఇచ్చేవారు. అందులో తెలుగు అక్షరాలు లేకపోతే, గళ్ళ కాగితం మీద చుక్క చుక్క పెట్టి 'అ' నుంచి 'ఱ' దాకా ఆయనే గీసుకున్నారట. ("ఒక్క 'క్ష'కే వారం పట్టిందిరా" అన్నారు.) ప్రతి ఉత్తరం ఒక కాపీ డిస్కులో దాచారు. మల్లయ్యలూ రాజయ్యలూ మరీ ఎక్కువైపోవడంతో మనుషుల పేర్లు కాకుండా ఊళ్ళ పేర్లు పెట్టారు.

"మీదే ఊరు?" అని అడిగారు. చెప్పాను. జగిత్యాల అవతల, బస్సు వెనక్కి తిరిగే ఊరు. సారు నా మొహంకేసి, ముఖ్యంగా నా చెవులకేసి చూశారు.

"మీ ఊర్నించి నా దగ్గరికి వచ్చింది ఒక్కడేరా. కుడిచెవి తమ్మె చీలి ఉండేది."

నాకు నోరు మూతపడింది. (రేడియో చరిత్రలో అదే మొదటిసారి.) చెవి చీలింది మా బాపుకి. ఎద్దు కొమ్ము తగిలి చీలిందని అవ్వ చెప్పేది. (మా వైపు అవ్వంటే అమ్మే.) నాకు నాలుగేళ్ళప్పుడు, ఆయనకి ముప్ఫై ఒకటప్పుడు, బాపు ఇక్కడే, ఖతర్‌లోనే పోయాడు. సైటులో పైనుంచి పడ్డాడట. ఇంటికి పెట్టెలో వచ్చాడు. నాకు గుర్తున్నది ఆ పెట్టెకు కొట్టిన మేకులు మాత్రమే. ఆయన పంపిన ఉత్తరాలు ఇంట్లో దూలం మీద ఉండేవట. ఒక వానాకాలం పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారి మొత్తం ముద్దయిపోయాయి. ఆయన ఎట్లాంటి మనిషి అని ఎప్పుడడిగినా అవ్వ ఒకటే మాట: "మీ బాపు నోట్ల మాట ఎల్లకపోతుండె. నువ్వెవ్వలకు వుట్టినవో మరి."

"బాపు మాటలు ఇండ్ల ఉన్నయా సార్?"

"ఉన్నాయిరా. నేను తియ్యలేకపోతున్నాను, అంతే."

"రెండు శుక్రవారాలు టైమియ్యుండ్రి, ఖల్లాస్ చేసి పెడ్త" అన్నాను.

ఏడు శుక్రవారాలు పట్టింది. పాత యంత్రాలంటే పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఇలాంటి తిప్పలు ముందే పడి, దానికి కావలసిన ప్రోగ్రామూ, ఏ తీగ ఎక్కడ అతకాలో చూపే బొమ్మా నెట్‌లో ఊరికే పెట్టారు. ఇంగ్లీషు ముక్కల్ని ఫోను తెలుగులోకి మారుస్తుంటే ("డ్రైవరు మేల్కొనుటకు వేచియుండుము" అని వచ్చేది, టాక్సీవాడి గురించేమో అనుకున్నాను) కూడబలుక్కుంటూ చదివాను. అగ్గిపెట్టెలో సగముండే బోర్డు ఒకటి తెప్పించాను. ఆరు సూదుల సాకెట్ దోహాలో ఎక్కడ అడిగినా మాఫీ, అంటే లేదనే. చివరికి కాలిపోయిన కంప్యూటరు పొట్ట కోసి దాని సాకెట్టే పీకాను. తీగలన్నీ అతికించి పెడితే డ్రైవులో ఎర్రలైటు వెలిగింది. అంతే, ఇంకేమీ లేదు. మూడు శుక్రవారాలు ఆ లైటు చూస్తూ కూర్చున్నాను.

"ఒరే, సూదుల అంకెలు ముందునుంచి చూసి వేశారా, వెనకనుంచి చూసి వేశారా ఈ బొమ్మలో?" అన్నారు సారు, టీ తాగుతూ.

ముందునుంచి. నేను అతికించింది వెనకనుంచి. కుడి ఎడమైంది. ఎడమ కుడైంది. (అద్దం పాఠం చెప్పే నాటికి నేను బడి మానేశాను.)

ఇక్కడ నేను చేసిన ఇంకో తెలివైన పని చెప్పాలి. మొదటి శుక్రవారం సారు గదికి పోయి డిస్కుల పెట్టె చూసినప్పుడు, బాపు ఉత్తరాలున్న డిస్కు ఒక్కటి నాతో తీసుకుపోతానన్నాను. "వద్దురా, అన్నీ ఒకచోటే ఉండనీ. పని అయ్యాక చూద్దువుగాని" అన్నారాయన. నేను వినలేదు. ఆగలేకపోయాను. ఇరవై ఏళ్ళ తర్వాత దొరికిన తండ్రిని ఇంకొకరి మంచం కింద వదిలి రావడం నా వల్ల కాలేదు. తెచ్చి షాపులో అన్నిటికన్నా శుభ్రమైన చోట, నా బల్లమీద పరిచిన రబ్బరు చాప మీద, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పసిపిల్లవాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను. పొద్దున రాగానే దాన్ని చూసేవాణ్ణి. మనుషులు లేనప్పుడు "ఏం బాపూ, మంచిగున్నవా?" అనేవాణ్ణి కూడా.

ఏడో శుక్రవారం సారు చర్చి నుంచి డిస్కుల పెట్టెతో వచ్చారు. ఏదో ఒక డిస్కు తీసి డ్రైవు నోట్లో పెట్టాను. గరగరమని ముసలాయన గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. ల్యాప్‌టాప్ మీద, పాత కంప్యూటరులా నటించే ప్రోగ్రాములో, చుక్కల అక్షరాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఎవరో నిజామాబాద్ వైపు మనిషి: నేను క్షేమం. మేకను అమ్మకు. అది ఈనేదాక ఆగు. ఇక్కా వచ్చి చూసి, చదవడం రాకపోయినా, చప్పట్లు కొట్టాడు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తన చేత్తో గీసిన 'క్ష' కనిపించింది మరి.

"ఇగ మనది" అన్నాను.

బాపు డిస్కు పెట్టాను. ముందు జాబితా వచ్చింది. మా ఊరి పేరు పదకొండుసార్లు ఉంది. ప్రతి పేరు పక్కనా ఒక అంకె. అది ఉత్తరం ఎంత పెద్దదో చెప్పే గడుల లెక్క అని సారు వివరించారు. మిగిలిన ఊళ్ళ పక్కన రెండు, మూడు, రెండు. మా ఊరి పక్కన ఎనిమిది, పది, తొమ్మిది. చివరి ఉత్తరం తొమ్మిది. దాన్ని తెరిచాను. డ్రైవు గరగరమంది, తల కొట్టుకుంది, ఆగింది. లోపం అని వచ్చింది. ఇంకొకటి తెరిచాను. లోపం. పదకొండూ లోపమే.

"పాతది గద సార్, బూజు వట్టినట్టుంది" అన్నాను. 

"మిగతావి బానే ఉన్నాయి కదరా, ఒకే పెట్టెలోవి" అని సారు లేవబోతూ, వచ్చినప్పుడు చాప మీద పడేసిన తాళాల గుత్తి తీసుకోబోయారు. గుత్తి రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగారు. గుత్తితోపాటు చాప కూడా లేచింది.

ఆ చాప నా సొంత ఆవిష్కరణ. మా షాపు ఏసీ గాలికి ఫోన్ల చిన్న చిన్న స్క్రూలు ఎగిరిపోతుంటే, పాత హార్డ్ డిస్కుల్లోంచి గట్టి అయస్కాంతాలు పీకి చాప అడుగున వరసగా అతికించాను. స్క్రూ ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. పక్క షాపులవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళేవారు. ఆ డిస్కుల్లో అక్షరాలు నిలిచేది కూడా అయస్కాంతంతోనే అనీ, ఇంకో అయస్కాంతం ఆనితే చెరిగిపోతాయనీ నాకు తెలియదా? తెలుసు. ఫోన్లు బాగుచేసే వాడికి తెలియకుండా ఎట్లా ఉంటుంది. రోజూ దానిమీదే పనిచేస్తాను కాబట్టి చాప నాకు చాపలాగే కనిపించింది. జాబితా ఉన్న చోటు ఒక్కటి అయస్కాంతాల సందులో పడి బతికినట్టుంది. ఏడు వారాలు నేను పలకరిస్తూనే ఉన్నాను, అది తుడిచేస్తూనే ఉంది.

సారు మళ్ళీ చాపకేసి వంగారు. తాళాల గుత్తిని ఒక్కొక్క తాళమే ఊడదీసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. "తిట్టుండ్రి సార్" అన్నాను.

"తిడితే వస్తాయంట్రా?" అని మళ్ళీ కూర్చున్నారు.

"మీకేమన్న యాదికున్నయా? ఏం రాపిచ్చిండు?"

"లేదురా అబ్బాయ్. ఎన్ని వందల ఉత్తరాలో కొట్టాను. ఉందని చెప్పొచ్చు, కానీ నాకిప్పుడు అబద్ధం ఆడబుద్ధి కావట్లేదు." షాపు గుమ్మంకేసి చూశారు. "మనిషి మాత్రం గుర్తున్నాడు. బట్టలకి సిమెంటు ఉందని కుర్చీలో కూర్చునేవాడు కాదు. గుమ్మంలో నిలబడే చెప్పేవాడు. బాబోయ్, ఏం చెప్పేవాడు! వెనక వరసలో ఉన్నవాళ్ళు గోల పెట్టేవారు, 'యల్లా యల్లా, ఉత్తరమా పురాణమా' అని. నా వేళ్ళు నొప్పెట్టేవి."

"మా బాపా?"

"తొమ్మిది గడులు ఊరికే వస్తాయేంట్రా?"

ఆ సాయంత్రమే అవ్వకి ఫోన్ చేశాను. "దుబాయ్‌ల ఎండలెట్లున్నయి బిడ్డా?" అంది, ఎప్పటిలాగే. (ఖతర్ అని ఇప్పటికి వందసార్లు చెప్పాను.) జరిగింది జరిగినట్టు చెప్పాను, అయస్కాంతాలతో సహా. అవ్వ దాని గురించి పట్టించుకోలేదు.

"తొమ్మిది గడులంటె ఎంతరా?"

"రెండు కాయితాలు నిండ. అందరియి సగం కాయితమే. బాపుదే పెద్దది."

ఇంకోసారి చెప్పమంది, చెప్పాను. 

"పోస్టాయన సైకిల్ మీదికెల్లి దిగకపోతుండె," అంది అవ్వ. "నాకు సదువు రాకపాయె. కాయితం ఇప్పి 'మంచిగున్నడట, పైసలు పంపిండట' అని సదివి నా శేతుల వెట్టి పోతుండె. గంతే ఉన్నదనుకున్న. గీ మనిషికి నాతోని మాట్లాడబుద్ధి కాదనుకున్న."

ఇరవై ఏళ్ళు ఆమె అట్లాగే అనుకుంది. ఆ మాటలు ఇంట్లోనే, దూలం మీదే, ఆమె తలపైనే ఉన్నాయి. వాన తడిపింది. రెండోసారి దొరికితే నేను తుడిచాను.

"మరి ఏం రాసిండటరా?" అంది.

నాకు మాట తడుముకోవడం తెలియదు. ఆ రోజు తడుముకున్నాను. తర్వాత మొదలుపెట్టాను. "బర్రె ఈనిందా అని అడిగిండవ్వా. మక్కలకు నీళ్ళు వెట్టిండ్రా అన్నడు. పిల్లగాడు నడుస్తుండా, ఎవలెక్క ఉన్నడు అన్నడు. ఈడ కూరలల్ల కారముండదట, నీ శేతి తొక్కు యాదికొస్తుందట. పండుకునే జాగల పైమంచం ఇచ్చిండ్రట, పైకప్పు ముక్కుకు తాకుతుందట. లక్ష్మీ, నువ్వు రందివెట్టుకోకు, అన్నడు..." ఎంతసేపు చెప్పానో తెలియదు. అవ్వ ఊ కొడుతూనే ఉంది.

"మీ బాపు నన్ను పేరు వెట్టి ఎన్నడు పిలువలేదు," అంది ఉన్నట్టుండి. "'ఏమే' అంటుండె. గివి నీ మాటలే గదరా?"

"అవునవ్వా."

"సర్లె తియ్." ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. నవ్విందో ఏడ్చిందో ఇంత దూరం నుంచి తెలియలేదు. "ఫోన్ పెట్టకు. ఇంకేమన్నడో సెప్పు."

సారు ఎగ్జిట్ మీద వెళ్ళిపోయారు. మిగిలిన డిస్కుల్లోని ఉత్తరాలన్నీ ల్యాప్‌టాప్‌లో పట్టుకుని వెళ్ళారు. ఎవరెవరి బాపులో అందులో క్షేమంగా ఉన్నారు. నాకిప్పుడు ముప్ఫై మూడు. బాపు ముప్ఫై ఒకటి దగ్గరే ఆగిపోయాడు. నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు గుమ్మంలో నిలబడి, బట్టలకి సిమెంటు ఉందని మొహమాటపడుతుంటే, తనకేమీ తెలియకుండానే అతని తరఫున అతని పెళ్ళానికి అన్ని మాటలు చెప్పేసిన ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రవాణ్ణి తలుచుకుంటే, ఎంత ధైర్యంరా నీకు, అని నవ్వొస్తుంది.