ఖాజా భాయ్ గుండెకు నేను చేసిన రిపేరు

పంపులు బాగుచేసేవాడు మనుషులను బాగుచేయబోతే ఏమవుతుందో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజుల్లో మాత్రం నా వల్ల ఒక మనిషి ప్రాణం పోవలసింది.

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో నేను పంపుల ఫిట్టర్ని. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఖాజా భాయ్. షిఫ్టు దిగాక హైవే పక్కన ఆయన తాగించిన చాయ్ రుచి ఇప్పుడు ఎక్కడ తాగినా దొరకదు. అలాంటి మనిషి ఒకనాడు మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూలబడ్డాడు. ఆస్పత్రిలో గుండెకు స్కాన్ తీశారు.

"గుండె పంపింగ్ నలభై ఐదు శాతం ఉన్నది. యాభై ఐదన్న ఉండాలె," అంది డాక్టరమ్మ. "మరీ పడిపోలె, కొంచెమే తగ్గింది. గోలీలు వాడితే మళ్ళ పెరగొచ్చు. ఉప్పు తగ్గియ్యి, నీళ్ళు కొలిచి తాగు, రోజూ బరువు చూసుకో."

పంపింగ్ అనగానే నేనూ ఖాజా భాయ్ ముఖాలు చూసుకున్నాం. ఈమె మా పని మాకే నేర్పుతోంది. బయటికొచ్చి మందుల చీటీ తిరగేశాను. మందుల ఫ్యాక్టరీ వాణ్ణి కాబట్టి కొన్ని గోలీల పేర్లు నాకూ తెలుసు.

"భాయ్, నీకు షుగర్ ఉన్నదా?"

"లేదురా."

"మరి షుగర్ గోలి రాసిందేంది? ఇంకోటి ఒంట్లకెళ్ళి నీళ్ళు తీసే గోలి. పంపు లాగుతలేదంటే ఎవలన్న నీళ్ళు బంద్ చేస్తరా? ఉత్తగ తిరిగి సీల్ కాలిపోదా?"

ఖాజా భాయ్ గంభీరంగా తలూపాడు. "సహీ బాత్. ప్రైమింగ్ చెయ్యాలె."

పంపు లాగకపోతే పైనుంచి నీళ్ళు పోసి నింపుతాం, అదే ప్రైమింగ్. ఇక చూడండి నా వైద్యం. గోలీలు బీరువాలోకి, ఉప్పు మజ్జిగ చెంబుల కొద్దీ ఖాజా భాయ్ కడుపులోకి.

"డాక్టరమ్మ వద్దన్నది కద భయ్యా," అంది ఖాజా భాయ్ భార్య, మా భాభీ.

"పంపుల సంగతి మీకు తెల్వది భాభీ."

నాలుగు రోజులకు ఆయన కాళ్ళు చెప్పుల్లో పట్టలేదు. "చూసినవా, ప్రెషర్ వస్తున్నది," అని మురిసిపోయాను. ఆ తర్వాత ఆయన ఊపిరాడక పడుకోలేకపోయాడు. ఓ పొద్దున మాట కూడా పూర్తి చేయలేకపోయాడు. ఆస్పత్రికి పోతూ ఆటోలో ఆయన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు పడిన భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు.

"గిన్ని నీళ్ళు ఎవరు తాగమన్నరు?" అంది డాక్టరమ్మ. ఆక్సిజన్ మాస్కుతోనే ఖాజా భాయ్ నా వైపు వేలు చూపించాడు.

ఆమె నన్ను తేరిపార చూసింది. "మీ ఫ్యాక్టరీల ట్యాంకు నిండి పొర్లుతుంటే ఏం చేస్తవ్?"

"లోపలికొచ్చే వాల్వు బంద్ చేస్త మేడం."

"మరి గీయనకెందుకు తెరిచినవ్? షుగర్ గోలి గుండెకు గూడ పనిచేస్తది. అడిగితే చెప్తుంటి కద."

నీళ్ళు తీసే మందుకు ఖాజా భాయ్ తేలికపడ్డాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మళ్ళీ హెచ్చరించింది. "ఉప్పు తగ్గియ్యి, నీళ్ళు తగ్గియ్యి, ఈ దోస్తును గూడ జెర తగ్గియ్యి."

"ఉప్పు, నీళ్ళు తగ్గిస్త మేడం," అన్నాడు ఖాజా భాయ్. "వీణ్ణి మాత్రం ఇడువ. నేను తయారుచేసినోడే. రిపేరు నేనే చెయ్యాలె."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అక్కడే, ఆస్పత్రి వరండాలో, చెయ్యెత్తి ఒట్టు పెట్టుకున్నాను: స్విచ్చు లేని పంపు జోలికి ఈ జన్మలో పోను.