తిరగేసి బిగించిన తీగలు

మా వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆమె పని. ఆమెది ఎడమచేతి వాటం. కత్తెర, గరిటె, ఆకురాయి, ఏదైనా ఆ చేతిలోకే వెళ్తుంది. మొదట్లో యజమాని అనుమానంగా చూశాడట గానీ, ఇప్పుడు ఆమె సెలవు పెడితే ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు. మాట తక్కువ మనిషి. ఇంట్లో నేనూ మా అన్నయ్యా కలిసి పదిమంది మాటలు మాట్లాడతాం కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలిసేది కాదు.

అన్నయ్యది వేరే తీరు. ఆయనకు ఏ సరదా అయినా మూణ్ణాళ్ళ ముచ్చటే. టెలిస్కోపు కొని చందమామను ఒక్కసారి చూశాడు, అది మూలన పడింది. చేపల గాలం కొన్నాడు, దానికి నీళ్ళ మొహం చూసే యోగమే పట్టలేదు. ఆ వరసలో వచ్చిందే ఎలక్ట్రిక్ బేస్ గిటారు. నాలుగు లావుపాటి తీగలతో, ముదురెరుపు రంగులో, చూడ్డానికి మాత్రం దర్జాగా ఉండేది. దానితోపాటు ఒక స్పీకరు పెట్టె. ప్లగ్గు పెట్టి తీగ మీటగానే కింద వాటాలో కిటికీ అద్దాలు దడదడలాడాయి. కింది వాటా ఆయన పైకి వచ్చి, వాళ్ళమ్మకు గుండె జబ్బని బతిమాలుకున్నాడు. అన్నయ్యకు అప్పటికే వేళ్ళు నొప్పి పుట్టాయి. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. స్పీకరు కొన్నచోటే తిరిగిచ్చేశాడు. గిటారును మాత్రం వాళ్ళు వెనక్కి తీసుకోలేదు. అది సంచీతో సహా బీరువా పక్కకు చేరింది. స్పీకరు లేని బేస్ గిటారు మూగదే. ఎంత మీటినా పక్కగదిలో వాళ్ళకు కూడా వినపడదు.

ఏళ్ళు గడిచాయి. ఈమధ్య చిన్న ఇంటికి మారాల్సి వచ్చి అక్కర్లేని సామాను వదిలించుకుంటున్నాం. గిటారుకు ప్రకటన నేనే రాశాను. ‘కొద్దిగా వాడినది’ అని రాసి, ఆ ‘కొద్దిగా’ కూడా అబద్ధమేనని అన్నయ్యను ఏడిపించాను. వదిన పక్కనే కూర్చుని గిన్నెలకు పాత కాగితాలు చుడుతోంది.

"అమ్మాల్సిందేనా?" అంది.

"ఎవరు వాయిస్తారని మోసుకెళ్ళడం?" అన్నాడు అన్నయ్య.

వదిన చుట్టిన గిన్నెకే మళ్ళీ కాగితం చుట్టింది. అప్పుడైనా నాకు తట్టలేదు.

కొనడానికి వచ్చినాయన ఒక హోటల్లో బ్యాండుతో వాయించే మనిషి. వినిచూడ్డానికి చిన్న స్పీకరు కూడా వెంట తెచ్చుకున్నాడు. గిటారును సంచీలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడో లేదో, ఆయన మొహం మారిపోయింది. ఇది ఎడమచేత్తో వాయించేవాళ్ళదా అని అడిగాడు. అన్నయ్య కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. మరి లావు తీగ పైన ఉండాల్సింది, కిందికి ఎలా వచ్చిందన్నాడాయన. నాలుగు తీగలూ తిరగేసి బిగించి ఉన్నాయి.

షాపువాడు ఎవరో వాడి పారేసింది తనకు అంటగట్టాడని అన్నయ్య గొడవ మొదలుపెట్టాడు. ఆయన వినిపించుకోకుండా గిటారును కిటికీ వెలుతురులోకి తిప్పాడు. మెడ పొడుగునా ఉన్న ఇత్తడి రంగు మెట్లను వేలితో తడిమాడు. తీగలు ఒరుసుకుని ఒరుసుకుని అక్కడ పల్లాలు పడ్డాయి. మెడ చివర తీగలు కూర్చునే గాడులను ఎవరో సన్నటి ఆకురాయితో మళ్ళీ కోసి, ఏ తీగకు ఆ గాడి సరిపోయేలా చేశారని చూపించాడు.

"కొద్దిగా వాడిందని రాశారు. దీన్ని ఎవరో రోజూ వాయించారండీ, ఏళ్ళ తరబడి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ప్రకటన రాసింది నేను కదా. మా ఇంట్లో దీని జోలికి వెళ్ళిన పురుగు కూడా లేదని అనబోయాను. ఆకురాయి అన్న మాట దగ్గర నా నోరు ఆగిపోయింది.

వంటగది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఆమె కుడిచేతి వేళ్ళ కొసలు కాయలు కాచి ఉంటాయి. అద్దాల పని వల్లేననుకునేదాన్ని. కానీ ఆమె ఆకురాయి పట్టేది ఎడమచేత్తో. మరి కుడిచేతికి కాయలెందుకు?

అన్నయ్య నా చూపు వెంటే అటు తిరిగాడు.

"నువ్వా?" అన్నాడు.

వదిన తలూపింది. మేమిద్దరం పనికి వెళ్ళాక, దుకాణం తెరిచే వేళయ్యేదాకా వాయించేదాన్నని, అడగ్గా అడగ్గా ముక్క ముక్కగా చెప్పింది. పాటల్లో అడుగున నడిచే ఆ లావు గొంతును దుకాణంలో రేడియోలో పట్టుకుని, ఇంట్లో వెతుక్కునేదట. మూగ గిటారు నీకెలా వినపడింది వదినా అని అడిగాను. చెక్క అంచుకు దవడ ఆనించి చూపించింది. అక్కడ ఎర్రరంగు కాస్త వెలిసి ఉంది. ఎముకల్లోంచి వినపడుతుందట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు అన్నయ్య.

"మొదట్లో మీ వస్తువు ముట్టుకున్నానని భయం. తర్వాత, ఇన్నాళ్ళు దాచానని ఇంకా భయం."

అన్నయ్య కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. ఒకే ఇంట్లో, ఒకే కంచాల గూటి ముందు తిరుగుతూ, ఈ మనిషికి మౌనం తప్ప మరేమీ తెలియదని ఎంత గట్టిగా నమ్మాను.

హోటలాయన స్పీకరు వైరు గిటారుకు తగిలించి, దాన్ని వదినకు అందించాడు. ఆమె కూర్చుంది. అలవాటుగా దవడ ఆనించబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి తల ఎత్తింది. ఎడమచేత్తో లావు తీగను మీటింది.

నేల అదిరింది. కాగితాలు చుట్టిన గిన్నెలు అట్టపెట్టెలో గుయ్యిమన్నాయి. అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది ఆమే. నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేసి, అరచేత్తో తీగలు నొక్కి పట్టుకుంది.

"దీనికి ఇంత గొంతుందా?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత చెయ్యి మెల్లగా తీసి, మళ్ళీ మీటింది. ఈసారి ఆపలేదు. అదేం పాటో నాకు తెలియదు. ఆమె కుడిచేతి వేళ్ళు ఆ పల్లాల్లోకి చూడకుండానే వెళ్ళి వాలుతున్నాయి.

అన్నయ్య ఆమెనే చూస్తూ, "అమ్మేద్దామా?" అని అడిగాడు. ఆ మాట మొదట అడగాల్సింది ఆమెనేనని అప్పటికి తెలిసినట్టుంది.

"వద్దండీ," అంది వదిన. ఆ ఇంట్లో ఆమె వద్దనడం నేను వినడం అదే మొదలు.

ఇంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. అన్నయ్య వెళ్ళి తీశాడు. కింది వాటా ఆయన నిలబడి ఉన్నాడు. మళ్ళీ మొదలైందా, ఎవరు వాయిస్తున్నారని అడిగాడు.

అన్నయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"మా ఆవిడండీ," అన్నాడు, ఎవరి గురించో ఇప్పుడే విన్నవాడిలా.